అరవైమంది చాలన్న లెక్క

ఆ ఆస్పత్రిలో చాలామంది డాక్టర్లకు ఆమె పేరు తెలియదు గానీ ఆమె గది తెలుసు. పాత ఎక్స్‌రే ఫిల్ములు దాచే గదికి ఆనుకుని, ఒకే ఒక్క కిటికీ ఉన్న చిన్న గది. ఎవరు ఏ పరిశోధన మొదలుపెట్టాలన్నా ముందు ఆ గుమ్మం తొక్కాల్సిందే. ఫలానా మందు పనిచేస్తుందో లేదో తేలాలంటే ఎంతమంది రోగుల మీద వాడి చూడాలి? ఆ అంకె కట్టి, కింద సంతకం పెట్టేది ఆమె. ఆ సంతకం లేకపోతే పరిశోధనల కమిటీవాళ్ళు కాగితాన్ని ముట్టుకోరు. అందుకే ఆస్పత్రిలో అందరికీ ఆమె లెక్కల మేడం. పుట్టింట్లో ఆఖరిది కాబట్టి, అక్కడివాళ్ళకు మాత్రం బుల్లి.

వచ్చేవాళ్ళలో సగంమంది అంకె కోసం రారు. అంకె జేబులో పెట్టుకునే వస్తారు. "మేడం, నలభై వచ్చేట్టు చూడండి. అంతకన్నా మా వార్డులో దొరకరు" అంటారు. "నలభై ముందే ఖాయమైతే ఇక నాతో పనేముందండీ?" అని నవ్వుతూనే కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేది. మందు వాడితే ఎంత తేడా వస్తుంది? ఎంత తేడా వస్తే రోగికి ఉపయోగం? మనిషికీ మనిషికీ మధ్య మామూలుగానే ఎంత హెచ్చుతగ్గు ఉంటుంది? మధ్యలో ఎంతమంది మానేస్తారు? ఇవి తెలిస్తే అంకె దానంతటదే వస్తుంది. పిండి కొద్దీ రొట్టె అనే సామెత తన గదిలో చెల్లదనీ, ఎంత రొట్టె కావాలో తేల్చుకున్నాకే పిండి కలపాలనీ ఆమె వాదన. కొందరు విసుక్కునేవాళ్ళు, కొందరు వినేవాళ్ళు. మొత్తానికి ఆమె మొహమాటపడి అంకె మార్చిందన్న మాట ఎవరూ అనలేదు.

ఆ రోజు వచ్చినవాడు బయటివాడు కాదు. అక్క మొగుడు. కిడ్నీ డాక్టరు, డయాలసిస్ విభాగానికి పెద్ద. తండ్రి పోయాక వాళ్ళింటికి పెద్దదిక్కు ఆయనే. ఆడపిల్లకి ఇన్నేసి లెక్కల చదువులెందుకని మేనమామలు నసుగుతుంటే, "దానికి వచ్చింది అదే, అదే చదువుతుంది" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పినవాడు. ఈ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించింది కూడా ఆయనే. ఆయన ఆ గదిలోకి వస్తే ఆమె ఇప్పటికీ లేచి నిలబడేది.

"కూర్చోవే, నేనేం ఇన్‌స్పెక్షన్‌కి రాలేదు" అంటూ కుర్చీ లాక్కున్నాడు. "దురద సంగతి. నీకు విడమరిచి చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనే ఉంది."

ఉంది. ఆమె మావగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళుతున్నాడు. "డిపోకి పోయి రక్తం కడిగించుకొస్తా" అనేవాడు. సూదులకు భయపడలేదు, నీళ్ళు కొలిచి తాగమంటే తాగాడు. కానీ ఆ జబ్బుతో పాటు వచ్చే దురద ఆయన్ని లొంగదీసింది. పైకి పొక్కు ఉండదు, దద్దురు ఉండదు. లోపలెక్కడో చీమలు పుట్ట పెట్టినట్టు ఉంటుందట. గుమ్మానికి వీపు ఆనించి ఎద్దులా రాసుకునేవాడు. టేబులు మీద స్కేలు కనపడకపోతే మనవడు వెతుక్కునేవాడు కాదు, తిన్నగా తాతగారి పరుపు దగ్గరికి వెళ్ళేవాడు. ఒళ్ళంతా గీతలు, మానిన పుండ్ల మీద కొత్త పుండ్లు. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. ఎంత గట్టి మనిషైనా నిద్ర లేకపోతే ఏమవుతాడో ఆమె ఇంట్లోనే చూస్తోంది.

బావగారి చేతిలో ఒక పాత మాత్ర ఉంది. వేరే జబ్బుకి ఏనాటి నుంచో వాడుతున్నదే. ఇదివరకు పనిచేసిన చోట కొందరు డయాలసిస్ రోగులకు ఇస్తే దురద తగ్గడం ఆయన కళ్ళారా చూశాడు. అయితే కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకు ఆ మాత్ర మత్తు కమ్మిస్తుందని భయం. అందుకని మందుల కమిటీ ఒప్పుకోనిదే ఈ ఆస్పత్రిలో దురదకి దాన్ని రాయడానికి వీల్లేదు. కమిటీ ఒప్పుకోవాలంటే పరిశోధన చేసి చూపించాలి. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. దురద ఎంత ఉందో రోగే సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెబుతాడు.

"ఎంత తగ్గుతుందంటారు?" అని అడిగింది ఆమె.

"రెండు పాయింట్లు. రాసుకో."

"మీరు ఇదివరకు ఇచ్చినవాళ్ళకి మాత్ర వేసుకుంటున్నామని తెలుసు కదా బావగారూ. పైగా మీరంటే గురి. మీరు భుజం మీద చెయ్యి వేస్తేనే వాళ్ళకి ఒక పాయింటు తగ్గుతుంది."

ఆయన నవ్వాడు. "సరే, ఒకటి తీసెయ్. ఒక పాయింటు తగ్గినా మనిషికి నిద్ర పడుతుంది. అది చిన్న విషయమా?"

"కాదు. అందుకే ఆ ఒక్క పాయింటునీ పట్టుకోగల లెక్క కట్టాలి." ఆమె కంప్యూటరు వైపు తిరిగి నాలుగు అంకెలు కొట్టింది. "రెండు పాయింట్ల తేడా అనుకుంటే అరవైమంది చాలు. ఒక పాయింటు అయితే రెండువందల ముప్ఫైమంది కావాలి."

"అదెక్కడి లెక్కే! తేడా సగమైతే మనుషులు రెట్టింపు కావాలి గానీ..."

"నాలుగింతలు కావాలి. నేను పెట్టిన రూలు కాదది. తేడా ఎంత సన్నగా ఉంటే చూపు అంత పదునుగా ఉండాలి."

"నా విభాగంలో ఉన్నదే డెబ్భైమంది బుల్లీ. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తింటామా? ఒక్క మెతుకు చాలు."

"కుండలో మెతుకులన్నీ ఒకే ఎసట్లో ఉడుకుతాయి. మీ పేషెంట్లు ఒక్కొక్కరూ ఒక్కో పొయ్యి మీద ఉన్నారు. ఏ ఒక్కర్ని పట్టి చూస్తారు?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమెకు పాపమనిపించి ఇంకో దారి చెప్పింది. ప్రతి మనిషికీ రెండూ ఇద్దాం. కొన్ని వారాలు ఒక మాత్ర, నడుమ కొంత విరామం, తర్వాత రెండో మాత్ర. ఏది ముందో ఎవరికీ తెలియదు. ఒకరిని ఇంకొకరితో పోల్చే పనిలేదు, ఎవరితో వాళ్ళనే పోల్చుకోవచ్చు. అప్పుడు యాభైమందితో ఒక పాయింటు తేడా కూడా కనిపిస్తుంది.

"ఎంత కాలం పడుతుంది?"

"రెట్టింపు పైనే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కమిటీ ఈ ఏడాది చివర కూర్చుంటుంది. ఈసారి తప్పితే దురద మాట మళ్ళీ ఎత్తేది రెండేళ్ళ తర్వాతే. ఈ రెండేళ్ళలో నా పేషెంట్లు ఎంతమంది మిగులుతారో ఏ ఫార్ములాలో ఉందో చూసి చెప్పు." లేచి గుమ్మం దాకా వెళ్ళి, "రెండు పాయింట్లు తగ్గడం నేను చూశానే. అబద్ధం రాయమని అడగడం లేదు" అన్నాడు.

అది అబద్ధం కాదని ఆమెకీ తెలుసు. అది ఆశ. ఆశని లెక్కలో కలపకూడదని పిల్లలకు పాఠం చెప్పినంత తేలిగ్గా బావగారికి చెప్పలేకపోయింది.

ఆ సాయంత్రమే అక్క ఫోను చేసింది. "ఏం చేశావే మీ బావని? ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు. ఆయనెప్పుడైనా నిన్ను ఒక్కటి అడిగారా? అడక్క అడక్క అడిగితే ప్రశ్నలేసి పంపించావట."

"అక్కా, అది నా ఉద్యోగం."

"ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో కూడా గుర్తుంచుకో తల్లీ." అని పెట్టేసింది.

తెల్లారి ఆమె లేచేసరికి మావగారు వసారాలో ఉన్నాడు. బనీను వీపున ఎర్రటి చారలు. మొగుడు బేసినులో నీళ్ళు పెట్టుకుని తండ్రి వీపు తుడుస్తున్నాడు. కోడల్ని చూడగానే ముసలాయన చొక్కా లాక్కుని కప్పుకున్నాడు.

"ఏం లేదమ్మా. పాత బండి కదా, రంగు ఊడుతోంది" అన్నాడు. తర్వాత అడగొచ్చో లేదో అన్నట్టు చూసి, "మీ బావగారు ఏదో మాత్ర పెడుతున్నారటగా. నీ సంతకం ఒక్కటే మిగిలిందన్నారు. నిజమేనా తల్లీ?" అన్నాడు.

ఆ మాట మావగారి చెవిన వెయ్యడం బావగారు చేసిన తప్పు. అది ఆమెకు తెలుసు. కోపం కూడా వచ్చింది. కానీ ఆ కోపాన్ని ఎదురుగా ఉన్న మనిషి మీద చూపడం కుదరదు కదా. మొగుడు తడిగుడ్డ పిండుతూ ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. "నీ పని నీకు తెలుసు, నేను చెప్పను" అన్నాడు. చెప్పి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. వద్దన్నా, కానిమ్మన్నా, ఎవరైనా ఒక మాట అని ఉంటే దాని మీద భారం వేసేది.

ఆస్పత్రికి వెళ్ళి, ఫైలు తెరిచి, తేడా అన్నచోట ఒకటి కొట్టేసి రెండు వేసింది. మిగతా పని యంత్రమే చేసింది. అరవై. అనుభవమున్న డాక్టరు కళ్ళతో చూసింది కూడా ఒక ఆధారమేనని తనకు తాను చెప్పుకుంది. ఊరందరూ చేసేది ఇదేనని చెప్పుకుంది. సంతకం పెట్టేసి, ఆ రోజు క్యాంటీనులో టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుంది.

పరిశోధన మొదలైంది. అడిగినవాళ్ళలో కాదన్నవాళ్ళు బహు తక్కువ. మావగారైతే అందరికన్నా ముందు చెయ్యి పైకెత్తాడు. ఆయన పేరు చేరింది కాబట్టి చివరి లెక్క తాను కట్టకూడదని ఆమె తప్పుకుంది. ఆ పని యూనివర్సిటీలో ఉన్న ఒక ప్రొఫెసరుకి అప్పగించారు.

మూడో వారానికి ఇంట్లో ఒక వింత జరిగింది. తెల్లవారి అందరూ లేచినా మావగారు లేవలేదు. మొగుడు గాభరాగా వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. గురక. మొహం కడుక్కుని వచ్చి ముసలాయన అందర్నీ తేరిపార చూసి, "ఏంటలా చూస్తున్నారు? మనిషి నిద్రపోతే ఇంట్లో పండగ చేసుకుంటారా?" అన్నాడు. గీతలు మానాయి. మనవడి స్కేలు మనవడి దగ్గరే ఉండిపోయింది. వీధి చివర దాకా నడిచి వెళ్ళి పేపరు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

"నాకు పడింది అసలు మాత్రే అమ్మాయ్. నేను చెబుతున్నాగా" అనేవాడు.

"నాకు చెప్పకండి మావయ్యగారూ. నేను వినకూడదు" అనేది ఆమె, చెవులు మూసుకున్నట్టు నటిస్తూ. కానీ విన్నది. విని సంతోషపడింది. సంతోషం కింద ఒక భయం కూడా ఉండేది. ఉత్తుత్తి మాత్ర మింగి హాయిగా నిద్రపోయినవాళ్ళను ఆమె ఎన్నో పరిశోధనల్లో చూసింది. ఒక్క మనిషి కథ ఎంత దగ్గరివాడిదైనా లెక్కకు రాదని ఆమెకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు?

డయాలసిస్ విభాగంలో అన్నీ సవ్యంగా ఏమీ జరగలేదు. ఒకావిడ మత్తుగా ఉండి స్నానాల గదిలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇంకొకాయన మంచం దిగబోయి తూలి పడ్డాడు. కొందరు మధ్యలో మానేశారు. చివరికి గడువు ముగిసింది, మాత్రలు ఆపేశారు, ప్రొఫెసరు లెక్క కట్టాడు.

ఫలితం పట్టుకుని బావగారే ఆమె గదికి వచ్చాడు. ఈసారి కుర్చీ లాక్కోలేదు. నిలబడే చెప్పాడు.

"తేలిపోయింది బుల్లీ. పనిచెయ్యదు."

ఆమె కాగితం తీసుకుని చూసింది. అసలు మాత్ర వేసుకున్నవాళ్ళకు రెండోవాళ్ళకన్నా ఒక పాయింటు పైచిలుకు ఎక్కువే తగ్గింది. కానీ అంతమందితో ఆ తేడా నిజమని గట్టిగా చెప్పడానికి వీల్లేదు. మాత్ర వల్ల తగ్గి ఉండొచ్చు, ఊరికే అలా వచ్చి ఉండొచ్చు. కింద ప్రొఫెసరు పద్ధతి ప్రకారం ఒకటే వాక్యం రాశాడు: చెప్పుకోదగ్గ తేడా ఉన్నట్టు రుజువు కాలేదు.

"పనిచెయ్యదని తేలలేదు బావగారూ," అంది. "ఏమీ తేలలేదు. మనం పెద్ద కంతల వల వేశాం. రెండు పాయింట్ల చేప అయితే చిక్కేది. ఒక పాయింటు చేప జారిపోయింది. వల ఖాళీగా వచ్చిందని చెరువులో చేపల్లేవంటే ఎలా?"

"ఆ మాట కమిటీలో చెబితే ఏమంటారు? మందు మీద మోజుతో డాక్టరు సాకులు చెబుతున్నాడంటారు. ఇద్దరు పడిపోయారు కూడా. నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తా." కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎవరికి ఏది వెళ్ళిందో విప్పి చూశాం. మీ మావగారికి వచ్చింది అసలు మాత్రే."

ఆమె కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. ఇంట్లో అప్పటికే గోకుడు తిరిగి మొదలైంది. మొదట మోచేతులు, తర్వాత వీపు, తర్వాత అన్నీ. ఈసారి ముసలాయన జోకులు తగ్గించాడు. ఒకసారి సుఖమంటే ఏమిటో తెలిశాక బాధ ముందుకన్నా ఎక్కువ బాధించింది.

కమిటీ కూర్చున్న రోజు ఆమె కూడా వెళ్ళింది. ఆమె వెళ్ళాల్సిన పని లేదు, ఎవరూ పిలవలేదు. పొడుగాటి బల్ల, చుట్టూ ఎనిమిది పది కుర్చీలు, ఏసీ చప్పుడు. అధ్యక్షత వహించిన తెల్లజుట్టు పెద్దావిడ ఒకప్పుడు ఈ ఆస్పత్రిలోనే ప్రొఫెసరు. బావగారు ఫలితం చదివి, ఉపయోగం రుజువు కాలేదనీ, పడిపోయే ప్రమాదం కనిపించిందనీ, అందుకని దురదకి ఈ మాత్రను అనుమతించమని తాను అడగడం లేదనీ చెప్పి కూర్చున్నాడు.

ఆమె లేచింది. "మేడం, ఈ పరిశోధన వల్ల ఆ మాత్ర పనికిరాదని తేలలేదు. అరవైమంది చాలరు. కనీసం రెండువందల పైన ఉండాలి. అరవై అని అంకె వేసింది నేనే. ఒక పాయింటు తేడా చూడాలని తెలిసే, రెండు అని వేశాను. తప్పు ఆ అంకెది."

బావగారు తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ ఉంది. పదిమందిలో ఆమె తనకు ఎదురు నిలవడం ఆయన ఎన్నడూ చూడలేదు. నిజానికి ఆమె ఎదురు నిలిచింది ఆయనకు కాదు. కానీ అక్కడున్నవాళ్ళకు అలాగే కనబడింది.

మందుల స్టోరు చూసే ఫార్మసిస్టు గొంతు సవరించుకున్నాడు. "మీరేమనుకోకపోతే... మీ మావగారు కూడా ఈ పరిశోధనలో ఉన్నారు కదండీ?"

"ఉన్నారు."

"ఆయనకి పడింది అసలు మాత్రే..."

"అవును. అసలు మాత్రే."

బల్ల దగ్గర ఎవరో పెన్ను మూత పెట్టిన చప్పుడు వినిపించింది. పెద్దావిడ మెత్తగానే అడిగింది. "అమ్మా, మీరు చెప్పిన లెక్క సరైనదే. నేను కాదనను. ఒక్కటి చెప్పండి. ఫలితం అటు వచ్చి ఉంటే, ఈ అరవైమందితోనే మాత్ర పనిచేసిందని తేలి ఉంటే, మీరు ఇవాళ ఇక్కడికి వచ్చి అంకె తప్పని చెప్పేవారా?"

ఆమె నోరు తెరిచింది. చెప్పేదాన్నే అనడానికి ఒక్క క్షణం పట్టదు. ఆ క్షణం గడిచిపోయింది, మాట రాలేదు. వసారాలో ఎర్రటి చారల బనీను, తెల్లారినా వినిపించిన గురక, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. చెప్పి ఉండేది కాదు. మావగారికి మాత్ర రాయించుకుని, ఇంటికి వెళ్ళి, ఆ అంకె సంగతి మర్చిపోయి ఉండేది.

"తెలీదు మేడం" అంది. అది కూడా పూర్తి నిజం కాదు.

"కూర్చోండి" అంది పెద్దావిడ. "మాత్రకి అనుమతి లేదు. ఎవరైనా సరైన అంకెతో మళ్ళీ పరిశోధన చేసి తెస్తే, రెండేళ్ళు ఆగకుండా చూస్తాం. అది మాత్రం మినిట్స్‌లో రాయండి."

ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా మాటలు ఆగిపోయాయి. అక్క ఒక్కసారి ఫోను చేసి, "పదిమందిలో ఆయన పరువు తీశావు" అంది. "నా పరువు తీసుకున్నానక్కా, ఆయనది కాదు" అంటే, "మాకు తేడా తెలీదులే, మేం లెక్కలు చదవలేదు" అని దెప్పి ఫోను పెట్టేసింది. ఆస్పత్రిలో ఇంకొకటి మొదలైంది. అంకె కోసం వచ్చే డాక్టర్లు ఇప్పుడు ప్రశ్నలకు జవాబు చెప్పబోతూ, "బావగారికైతే సర్దారటగా మేడం, మాకూ కాస్త చూడండి" అనేవాళ్ళు. నవ్వుతూనే అనేవాళ్ళు. ఒకప్పుడు ఆ గదిలో నవ్వు ఆమెది. ఇప్పుడు వాళ్ళది. కాదనడానికి ఆమెకు నోరు లేదు. అయినా కాదంది. అంతకుముందు లేనంత మొండిగా ప్రతి అంకెనీ విప్పి, మళ్ళీ కట్టి, చూపించి పంపింది.

చాలా రోజులకు బావగారు వచ్చాడు. గుమ్మంలో ఆగి, "రావచ్చా?" అన్నాడు. ఆ గదిలోకి ఆయన అనుమతి అడిగి రావడం అదే మొదలు.

"అదేంటి బావగారూ, రండి."

కుర్చీ అంచున కూర్చున్నాడు. "మీ మావగారు నన్నేమీ అడగడం లేదు. మెషీను మీద పడుకున్నంతసేపూ అరచేతులు తొడల కింద పెట్టుకుంటున్నాడు. గోక్కుంటే నేను చూస్తానని." కళ్ళజోడు తీశాడు. "రెండో దారి ఏదో చెప్పావే ఆ రోజు. ఎవరితో వాళ్ళనే పోల్చేది. అది మళ్ళీ చెప్పు."

ఆమె చెప్పింది. ఈసారి ఆయన మధ్యలో అడ్డు రాలేదు. ఆయన విభాగంలో సగంమంది ఇప్పటికే ఆ మాత్ర రుచి చూసినవాళ్ళు. దాని మత్తు వాళ్ళకు తెలుసు, ఏది అసలుదో ఇట్టే పట్టేస్తారు. అందుకని వాళ్ళు పనికిరారు. వేరే ఆస్పత్రుల్లో రోగులు కావాలి. తేడా ఒక పాయింటు. దాన్ని తగ్గించి గానీ పెంచి గానీ రాసేది లేదు. మాత్ర మోతాదు తగ్గించి, పడిపోకుండా జాగ్రత్తలు కూడా చేర్చారు. అంతా అయ్యాక సంతకం దగ్గర ఆమె పెన్ను పక్కన పెట్టేసింది.

"ఇది నేను పెట్టకూడదు. యూనివర్సిటీ ప్రొఫెసరుగారికి పంపిద్దాం."

"నీ లెక్కే కదా?"

"లెక్క నాదే. ఇంట్లో మనిషి కూడా నా మనిషే."

ఆమె సెలవులు పెట్టి బస్సుల్లో తిరిగింది. వేరే ఊళ్ళ ఆస్పత్రుల్లో డయాలసిస్ డాక్టర్లను కలిసింది. కొందరు వినకుండానే, "ఆ మాత్ర మీ దగ్గరే పనిచెయ్యలేదటగా" అన్నారు. ఆ మాట ఎంత దూరం పాకిందో అప్పుడు అర్థమైంది ఆమెకు. మంచి ఫలితం నడిచి వెళుతుంది, పనికిరాదన్న మాట పరిగెత్తుతుంది. చివరికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకున్నారు. మరుసటి చలికాలం వచ్చేనాటికి పరిశోధన మొదలైంది. ఫలితం రావడానికి ఏడాది పైనే పడుతుంది. అది ఎటు వస్తుందో ఆమెకు తెలియదు. నిజంగానే ఆ మాత్రలో పస లేకపోవచ్చు కూడా.

చలికి చర్మం పొడిబారి మావగారి దురద ఇంకా ముదిరింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆయన వీపుకి మందు రాస్తోంది. మొగుడూ పిల్లాడూ బజారుకి వెళ్ళారు.

"కొత్తది మొదలైందటగా" అన్నాడు ముసలాయన.

"మొదలైంది మావయ్యగారూ."

"అందులో నేను లేను."

"లేరు. ఇదివరకు వేసుకున్నవాళ్ళని తీసుకోకూడదు."

"తెలుసులే, మీ బావగారు చెప్పారు." ఆమె వేళ్ళు పాత మచ్చల మీదుగా నెమ్మదిగా కదులుతున్నాయి. "ఒకటడుగుతా, దాచకుండా చెప్పు. ఆ రోజు నువ్వు రెండువందలో ఎంతో, ఆ అంకె మీదే కూర్చుని ఉంటే, అది జరిగేదేనా?"

"అంత తొందరగా జరిగేది కాదు. ఇతర ఊళ్ళు తిరగాల్సొచ్చేది. బహుశా ఇప్పటికి మొదలయ్యేది."

"అప్పుడు నాకు ఇప్పటిదాకా ఆ మాత్ర పడేది కాదు."

"పడకపోయేదేమో."

"అంటే ఆ రెండు నెలల నిద్ర నీ తప్పు వల్లే వచ్చిందన్నమాట" అని ముసలాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "చూశావా, ఎలా ఉందో! అందరికీ న్యాయం చేసి ఉంటే నాకు ఒక్క పూట కూడా కునుకు ఉండేది కాదు."

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన దాన్ని ఓదార్పుగానే అన్నాడని తెలుసు. కానీ ఆ మాట ఎటు తిప్పినా గుచ్చుకుంటోంది. ఈయనకు రెండు నెలలు నిద్ర ఇచ్చిన అంకె, ఇంకెంతమందికి ఎన్ని నెలల నిద్ర లేకుండా చేసిందో ఎవరు లెక్క కడతారు? కట్టమంటే తనే కట్టాలి. దానికి ఫార్ములా కూడా ఉంది. ఆమె ఆ లెక్క ఇంతవరకూ కట్టలేదు.

"భుజం కింద, ఇంకాస్త లోపలికి" అన్నాడు ఆయన. "అక్కడికి నా చెయ్యి అందదమ్మా."

గోళ్ళు తగలకుండా అరచేత్తోనే రుద్దమని నర్సు చెప్పింది. ఆమె అలాగే అరచెయ్యి ఆనించి, ఆయన చాలు అనేదాకా రుద్దుతూ కూర్చుంది. ఆయన చాలు అనలేదు.